చవక రైఫిల్‌కి అంత గురి ఎక్కడి నుంచి వచ్చింది?

2012లో అమెరికాకి చెందిన రూగర్ కంపెనీ ‘అమెరికన్’ అనే పేరుతో ఒక వేట రైఫిల్‌ని మార్కెట్లోకి దించింది. కంపెనీ వేసిన ధర 449 డాలర్లు. భుజానికి ఆనించి పట్టుకునే స్టాక్ నల్లటి ప్లాస్టిక్‌ది, మెరుపు లేని ఉక్కు, చేతిలోకి తీసుకుంటే ఇంకా సగం పని మిగిలే ఉందేమో అనిపించే వాలకం. నిగనిగలాడే వాల్‌నట్ చెక్క రైఫిళ్ల వరసలో అది పెళ్లికి పాతబట్టలతో వచ్చిన చుట్టంలా కనిపించేది. అయితే మంచి తూటాలు వేసి 100 గజాల దూరంలో కాగితం మీద కాల్చి చూసినవాళ్లకి మూడు రంధ్రాలు అంగుళం, అంగుళంన్నర వెడల్పులోనే పడ్డాయి. ఒకటి రెండు తరాల కిందట అదే ఫలితం కావాలంటే ముందు మంచి రైఫిల్ కొనాలి, తర్వాత దాన్ని గన్‌స్మిత్ అనే తుపాకీ పనివాడి దగ్గర పెట్టి స్టాక్ సరిచేయించాలి, ట్రిగ్గర్ నూరించాలి, వారాల తరబడి ఆగాలి. అంతా అయ్యాక కూడా గ్యారంటీ ఏమీ లేదు.

ఇది చూసి పాతకాలపు పనితనాన్ని ఇష్టపడేవాళ్లు నొచ్చుకున్నారు. చేతిపని అంతా పైపై హంగేనని, కంప్యూటర్ యంత్రాలు దాని గుట్టు బయటపెట్టాయని ఇంకొందరు తేల్చేశారు. రెండు మాటల్లోనూ తొందరపాటు ఉంది. పాత రైఫిల్ మీద పడిన చెమటలో చాలా భాగం ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉన్న తేడాలని సర్దడానికే ఖర్చయ్యేది. ఆ తేడాలు పోయాక ఆ చెమటతో అవసరం తీరిపోయింది. దాంతోపాటు పోయినవి మరికొన్ని ఉన్నాయి, కానీ అవి టార్గెట్ కాగితం మీద కనిపించేవి కావు.

ముందు కొలత సంగతి. రంధ్రాలన్నీ ఎంత దగ్గరదగ్గరగా పడ్డాయన్నదే షూటర్లు చూసేది, దాన్ని గ్రూప్ అంటారు. కొలిచేది ఎంఓఏ లెక్కన. డిగ్రీలో అరవయ్యో వంతు కోణం అది, 100 గజాల దగ్గర 1.047 అంగుళాలకి సమానం. తూటా పేలిన క్షణంలో బ్యారెల్ సన్నగా కంపిస్తుంది. తూటా కొసనున్న బుల్లెట్ బయటపడే వేళకి బ్యారెల్ మూతి ప్రతిసారీ ఒకే చోట ఉంటే రంధ్రాలూ ఒకే చోట పడతాయి. అందుకు బుల్లెట్ తనని గిరగిరా తిప్పే బ్యారెల్ లోపలి గాడుల్లోకి వంకర లేకుండా ఎక్కాలి, తూటాని లోపలికి నెట్టి వెనక నుంచి మూసే బోల్ట్ ప్రతిసారీ ఒకేలా బిగుసుకోవాలి, ఉక్కు భాగం స్టాక్‌లో కదలకుండా కూర్చోవాలి, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చెయ్యి అదరకూడదు. అందంతో దీనికి పనిలేదు. జరిగినదే మళ్లీ మళ్లీ అచ్చంగా జరగడమే కావాల్సింది, యంత్రానికి చేతనైన పని సరిగ్గా అదే.

18వ శతాబ్దంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ పనివాళ్లు పొడవాటి రైఫిళ్లు చేసేవారు. ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి గొట్టంగా చుట్టి, లోపల చేత్తో లాగే పనిముట్టుతో గాడులు కోసేవారు. ఏ రెండు గొట్టాల లోపలి కొలతా ఒకటి కాదు కాబట్టి ప్రతి రైఫిల్‌తో పాటు దానికి మాత్రమే సరిపోయే బుల్లెట్ అచ్చు కూడా ఇచ్చేవారు. ఆ అచ్చు పోగొట్టుకుంటే పక్కవాడి అచ్చు ఆదుకోదు. ఆ రైఫిళ్ల పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే, కానీ ఈ అచ్చు దేనికి సాక్ష్యమో కూడా చూడాలి. పనివాడి నేర్పు అంతా ఆ ఒక్క వస్తువుతోనే ఆగిపోయేది, పక్క బల్ల మీద తయారయ్యే రైఫిల్‌కి అది అందేది కాదు.

19వ శతాబ్దం మొదట్లోనే ఈ పరిస్థితి మారడం మొదలైంది. 1820ల్లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధ కర్మాగారంలో జాన్ హాల్ ఒక రైఫిల్ భాగం ఇంకో రైఫిల్‌కి ఆకురాయి తగలకుండానే అమరేలా చేసి చూపించాడు. దాదాపు అదే కాలంలో థామస్ బ్లాంచార్డ్ తుపాకీ స్టాక్ చెక్కే లేత్ కనిపెట్టాడు. నమూనా స్టాక్ మీద ఒక చక్రం పాకుతూ ఉంటే, దాని కదలికని అనుసరించి కత్తి పక్కనున్న మొద్దుని అదే ఆకారంలోకి చెక్కేస్తుంది. అంటే యంత్రాలు నిన్నగాక మొన్న వచ్చి తుపాకీ పనివాడి పొట్ట కొట్టాయన్నది నిజం కాదు. ఫ్యాక్టరీ అనే ఆలోచన పెరిగిందే తుపాకుల దగ్గర.

చేతిపనికి మారుపేరుగా నిలిచిన లండన్ కంపెనీల కథ ఇంకా ఆసక్తికరం. పాల్ మౌజర్ 1898 నాటి బోల్ట్ యాక్షన్, అంటే బోల్టూ అది కదిలే ఉక్కు డొల్లా కలిసిన యంత్రాంగం, వచ్చాక రిగ్బీ లాంటి పేరున్న సంస్థలు వేట రైఫిళ్ల కోసం జర్మనీలోని ఒబెర్న్‌డోర్ఫ్ ఫ్యాక్టరీ నుంచి మౌజర్ యాక్షన్లనే తెప్పించుకున్నాయి. నరభక్షక పులుల వేటగాడు జిమ్ కార్బెట్‌కి 1907లో బహుమతిగా అందిన .275 రిగ్బీ కూడా మౌజర్ యాక్షన్ మీద కట్టినదే. అమెరికాలో 1923లో మొదలైన గ్రిఫిన్ అండ్ హౌ సంస్థ చేసిందీ ఇదే: అమెరికా సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ యాక్షన్లు, మౌజర్ యాక్షన్లు తీసుకుని వాటి చుట్టూ అందమైన వేట రైఫిళ్లు కట్టింది. గుండెకాయ ఫ్యాక్టరీది, ఒళ్లంతా చేతిపని. ‘పూర్తిగా చేత్తో చేసిన రైఫిల్’ అని గర్వంగా చెప్పుకున్నవాటిలో చాలావాటి అసలు రూపం ఇదే.

ఆ చేతిపని ఏమిటో దగ్గరి నుంచి చూస్తే దాని విలువా తెలుస్తుంది, పరిమితీ తెలుస్తుంది. స్టాక్ చేసేవాడు ముందు చెక్కలో రిసీవర్, అంటే బోల్ట్ కదిలే ఉక్కు డొల్ల, పట్టేంత గుంట తొలుస్తాడు. తర్వాత ఉక్కు భాగాన్ని దీపం మంట మీద పట్టి మసి పట్టిస్తాడు, లేదా నల్లరంగు పూస్తాడు. దాన్ని గుంటలోకి దించి, మెల్లగా తట్టి, మళ్లీ పైకి తీస్తాడు. చెక్క మీద నల్ల మచ్చలు ఎక్కడ పడ్డాయో అక్కడ ఉక్కు ముందుగా తగులుతోందన్నమాట. ఆ మచ్చని ఉలితో కాగితమంత పొర గీకుతాడు. మళ్లీ మసి, మళ్లీ దించడం, మళ్లీ గీకడం. గుంట అడుగంతా ఒకే తీరున నలుపెక్కేదాకా ఇదే పని. చివరికి చెక్కకీ ఉక్కుకీ మధ్య వెంట్రుక కూడా దూరదు. చూడ్డానికి కళ్లు చాలవు.

చిక్కంతా ఆ తర్వాతే. చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో అంత బిగువుగా కుదిరిన స్టాక్ వానాకాలపు వేటలో ముందుభాగం వంగి బ్యారెల్‌ని ఒక పక్కకి నెట్టవచ్చు. అలా నెట్టగానే గురి మారుతుంది, మనిషికి కారణం తెలియదు. అందుకే ఫలితమే ముఖ్యమనుకున్నవాళ్లు గుంటలో ఎపాక్సీ పోసి రిసీవర్‌ని దాని మీద కూర్చోబెట్టడం, బ్యారెల్‌కి చెక్క అసలు తగలకుండా సందు వదలడం మొదలుపెట్టారు. ఎపాక్సీ గట్టిపడ్డాక రిసీవర్ ఆకారం దానంతట అదే అచ్చు పడుతుంది. రోజుల తరబడి ఉలి చేసిన పనిని ఒక రాత్రిలో జిగురు చేసేసింది, కొలతలో ఉలిని మించి చేసింది కూడా. రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కాల్చే, గురి మీదే బతికే బెంచ్‌రెస్ట్ పోటీల షూటర్లు చెక్కని వదిలి ఫైబర్‌గ్లాస్ స్టాక్‌లకి మారిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఉక్కు సంగతి. 1948లో రెమింగ్టన్ కంపెనీ 721, 722 మోడళ్లని తెచ్చింది. వాటి వెనక ఉన్న ప్రధాన ఇంజనీరు మైక్ వాకర్, ఆయనే స్వయంగా బెంచ్‌రెస్ట్ షూటర్. మౌజర్ తరహా రిసీవర్‌ని దిమ్మలా కొట్టి తీసిన ఉక్కు ముద్ద నుంచి లెక్కలేనన్ని సార్లు మిల్లింగ్ చేసి బయటికి తీయాలి. వాకర్ బృందం దాన్ని గుండ్రటి కడ్డీ నుంచి లేత్ మీద తిప్పి తీసేలా మార్చింది. వెనక్కి తన్నే ఒత్తిడిని స్టాక్‌కి అందించే రీకాయిల్ లగ్‌ని రిసీవర్‌తో కలిపి చెక్కకుండా, బ్యారెల్‌కీ రిసీవర్‌కీ మధ్య ఇరికించే వాషర్ లాంటి విడి పలకగా చేశారు. బోల్ట్ పిడిని విడిగా చేసి అతికారు. ప్రతి నిర్ణయం వెనకా ఖర్చు తగ్గించే ఆలోచనే ఉంది. అయితే గుండ్రటి రిసీవర్ అన్ని వైపులా సమానంగా ఉంటుంది, స్టాక్‌లో కూర్చోబెట్టడం తేలిక, లేత్ మీద అక్షం తప్పకుండా తీయడమూ తేలిక. చవక కోసం చేసిన డిజైన్ గురికి కూడా కలిసొచ్చింది. 1962లో అదే ఎముకలకి మంచి బట్టలు తొడిగి మోడల్ 700గా అమ్మారు. అమెరికా మెరైన్ల ఎం40, సైన్యం వాడిన ఎం24 స్నైపర్ రైఫిళ్లు రెండూ దాని మీద కట్టినవే. ఖర్చు తగ్గించాలని గీసిన గీతలే ఆ తర్వాత గురికి కొలబద్దగా మారాయి.

1958లో వచ్చిన శావేజ్ కంపెనీ 110 రైఫిల్‌లో ఇంకా తెలివైన పని ఉంది. మూసిన బోల్ట్ ముఖానికీ, బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది అయిన చాంబర్‌లో తూటా ముందుకి పోకుండా ఆపే అంచుకీ మధ్య దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. అది ఎక్కువైతే తూటా డబ్బా సాగి చీలవచ్చు, తక్కువైతే బోల్ట్ మూసుకోదు. పాత పద్ధతిలో బ్యారెల్ భుజాన్ని లేత్ మీద కొద్దికొద్దిగా కోసి, బిగించి, చాంబర్‌ని రీమర్‌తో ఇంకొంచెం లోతు చేసి, కొలిచి, అంగుళంలో వెయ్యో వంతుల తేడాలతో ఈ దూరాన్ని కుదిర్చేవారు. చెయ్యి తిరిగిన మనిషి ఉంటేనే సాగే పని అది. శావేజ్ బ్యారెల్‌కి భుజం లేదు, మర మీద ఒక పెద్ద నట్టు ఉంటుంది. చాంబర్‌లో గేజ్ పెట్టి, బోల్ట్ మూసి, బ్యారెల్ గేజ్‌కి తగిలేదాకా తిప్పి, నట్టు బిగిస్తే అయిపోయింది. చాంబర్ లోతులో కొంచెం తేడా ఉన్నా ఆ మర సర్దేస్తుంది. బోల్ట్ తల కూడా బోల్ట్‌తో ఏకముక్క కాదు, కొంచెం ఊగేలా విడిగా ఉంటుంది. దాంతో బోల్ట్‌ని బిగించి ఉంచే రెండు పొడుచుకొచ్చిన లగ్గులూ వాటంతటవే రిసీవర్ గోడకి సమానంగా ఆనుతాయి. ఇంతకుముందు ఆ ఆనిక కోసం రాపిడి ముద్ద పూసి చేత్తో నూరేవారు.

ఆ నట్టు అందంగా ఉండదు. మంచి రైఫిల్ మెడలో పైపు జాయింట్ ఏమిటని దశాబ్దాల పాటు ముఖం చిట్లించినవాళ్లు ఉన్నారు. 1988లో దివాలా తీసిన శావేజ్ తిరిగి నిలబడింది ప్రధానంగా ఆ నట్టు మీదే.

చవక మార్పుల మీద కొనేవాళ్ల కోపం బద్దలైన ఘట్టం మాత్రం వించెస్టర్ కంపెనీది. 1936లో వచ్చిన మోడల్ 70 అమెరికా వేటగాళ్లకి ప్రాణప్రదమైన రైఫిల్. కార్మికుల వేతనాలు పెరిగి గిట్టుబాటు కాక 1964లో కంపెనీ దాన్ని మార్చేసింది. తూటా అంచుని మొదటి నుంచీ పట్టుకుని నడిపించే మౌజర్ తరహా పెద్ద పంజా పోయింది, బోల్ట్ తూటాని ముందుకి నెట్టే సాదా ఏర్పాటు వచ్చింది. స్టాక్ మీద చేత్తో చెక్కిన గళ్ల స్థానంలో యంత్రంతో నొక్కిన అచ్చు వచ్చింది. కొనేవాళ్లు భగ్గుమన్నారు. ‘1964కి ముందుది’ అన్న మాట అప్పటి నుంచి పాత రైఫిళ్ల బజారులో విడిగా ధర పలుకుతోంది. కానీ టార్గెట్ దగ్గర పెట్టి చూస్తే కొత్తది పాతదానికి తీసిపోలేదు. జనం కోల్పోయింది గురిని కాదు, బోల్ట్ లాగినప్పటి నునుపునీ, చేతికి తగిలే గళ్ల గరుకునీ, ప్రమాదకరమైన జంతువు ఎదురైనప్పుడు తూటా ఇరుక్కోదన్న భరోసానీ. ఆ భరోసా ఉత్త సెంటిమెంట్ కాదు, బోల్ట్ సగం లాగి కంగారులో మళ్లీ ముందుకి తోసినా రెండో తూటా ఎక్కకుండా ఆ పంజా ఆపుతుంది. అయితే జింక వేటకి వెళ్లే మనిషికి దాని అవసరం ఎంతన్నది వేరే ప్రశ్న.

గురిలో సింహభాగం బ్యారెల్‌దే, ధర పడిపోయిన కథ అసలుగా నడిచిందీ అక్కడే. గాడులు వేయడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది కోత. చిన్న పంటి లాంటి కత్తి గొట్టంలోంచి ఒక్కోసారి పోయినప్పుడల్లా అంగుళంలో పదివేలో వంతు మేర లోహాన్ని గీకుతుంది, గాడులన్నీ పూర్తి లోతుకి రావడానికి అలా వందల సార్లు తిరగాలి. రెండోది బటన్. గాడుల ఆకారం ఉన్న గట్టి కార్బైడ్ ముక్కని గొట్టంలోంచి బలంగా లాగితే లోహం కోసుకుపోకుండా పక్కకి ఒత్తుకుని గాడి పడుతుంది. నిమిషాల పని. మూడోది హామర్ ఫోర్జింగ్, అంటే సుత్తిపోటు. చవక వేట రైఫిల్‌ని సాధ్యం చేసిన పద్ధతుల్లో దీనిది ముందు వరస.

సుత్తిపోటు ఇలా జరుగుతుంది. తయారు కావాల్సిన బ్యారెల్ కంటే పొట్టిగా, లావుగా ఉన్న గొట్టాన్ని తీసుకుంటారు. లోపల ఒక కార్బైడ్ కడ్డీ పెడతారు, దాని మీద గాడులు తిరగబడిన అచ్చులో ఉంటాయి. చుట్టూ ఎదురెదురుగా అమర్చిన సుత్తులు నిమిషానికి వందల దెబ్బలు కొడుతుంటే గొట్టం మెల్లగా తిరుగుతూ ముందుకి జరుగుతుంది. ఉక్కు కడ్డీ మీదికి నలిగి, గాడుల్లోకి దిగి, సన్నబడుతూ పొడుగవుతుంది. కొన్ని నిమిషాల్లో గాడులతో సహా బ్యారెల్ బయటికి వస్తుంది, కొన్ని యంత్రాల్లో చాంబర్ కూడా అదే దెబ్బలో పడుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ ఎంజీ 42 మెషీన్‌గన్ బ్యారెళ్ల కోసం పెంచిన పద్ధతి ఇది. తర్వాత ఆస్ట్రియాలోని స్టెయిర్ పట్టణంలో ఉన్న జీఎఫ్ఎం కంపెనీ ఈ యంత్రాలకి పేరు తెచ్చుకుంది. యంత్రం ఖరీదు చూస్తే చిన్న వర్క్‌షాప్‌కి దిమ్మ తిరుగుతుంది. అది దొరికి, ఏడాదికి వేల బ్యారెళ్లు అమ్ముడయ్యే కంపెనీకి మాత్రం ఒక్కో బ్యారెల్ మీద పడే ఖర్చు కొంచెమే. ఒక్క కడ్డీ మీద వేల బ్యారెళ్లు దిగుతాయి కాబట్టి ఆ కడ్డీ చేసిన మనిషి నైపుణ్యం అన్నిటిలోకీ పాకుతుంది. లాంకాస్టర్ పనివాడికి చేతకానిది సరిగ్గా ఇదే.

అన్ని దెబ్బలు తిన్న ఉక్కులో ఒత్తిడి మిగిలిపోతుంది. దాన్ని వేడితో సరిగా తీయకపోతే నాలుగైదు తూటాలకి బ్యారెల్ వేడెక్కి ఒక పక్కకి వంగుతుంది, రంధ్రాలు వరసగా ఒక మూలకి నడుస్తాయి. చల్లటి బ్యారెల్‌తో మొదటి మూడు తూటాలు ఎంత బాగా పడినా ఈ జబ్బు బయటపడదు. పోటీల షూటర్లు ఇప్పటికీ కోత బ్యారెళ్లకీ, మంచి బటన్ బ్యారెళ్లకీ అంత ధర పెట్టడానికి ఇదొక కారణం.

మిగతా భాగాల్లో ఆదా ఎలా వచ్చిందో త్వరగా చూడొచ్చు. మామూలు బోల్ట్‌కి ముందు రెండు లగ్గులు పొడుచుకుని ఉంటాయి, అవి జారడానికి రిసీవర్ లోపల రెండు పొడవాటి గాడులు తీయాలి. అది ఖరీదైన పని. బోల్ట్ ఒళ్లంతా లగ్గుల లావే ఉంచితే రిసీవర్ లోపల సాదా రంధ్రం చాలు. 1958 నాటి వెదర్‌బీ మార్క్ 5లో ఈ లావుపాటి బోల్ట్ ఖరీదైన రైఫిల్ హంగుగా వచ్చింది, అరవై ఏళ్లు తిరక్కుండానే రూగర్ అమెరికన్ లాంటి చవక రైఫిళ్లలో పొదుపు మార్గమైంది. 1968లో రూగర్ ఎం77తో రిసీవర్‌ని మైనపు నమూనా పద్ధతిలో పోత పోసి, ముఖ్యమైన చోట్ల మాత్రమే యంత్రంతో కోయడం అలవాటు చేసింది. ఫిన్లాండ్‌లో సాకో కంపెనీ 2003లో తెచ్చిన టిక్కా టీ3లో పొట్టి తూటాలకీ పొడుగు తూటాలకీ ఒకటే సైజు రిసీవర్. దేనికి ఎంత ఖాళీ కావాలన్నది బోల్ట్ ఆగే చోటూ మ్యాగజైనూ చూసుకుంటాయి. రూగర్ అమెరికన్‌లో స్టాక్ ప్లాస్టిక్ అయినా రిసీవర్ ఆనే చోట ఉక్కు దిమ్మలు అచ్చులోనే పోసి పెట్టడం వల్ల మసి పూసి గీకే పని పూర్తిగా మాయమైంది. ట్రిగ్గర్ విషయంలో 2000ల మొదట్లో శావేజ్ మధ్యలో చిన్న పలక ఉన్న అక్యుట్రిగ్గర్ తెచ్చింది. కోర్టు కేసుల భయంతో కంపెనీలు ట్రిగ్గర్లని బరువుగా చేసి వదిలేస్తున్న రోజులవి. తేలిగ్గా ఉండీ కింద పడితే పేలని ట్రిగ్గర్ చవక రైఫిల్‌లోనే దొరకడం మొదలయ్యాక మిగతా కంపెనీలకీ దారి లేకపోయింది. గ్రూప్‌లు చిన్నవి కావడంలో బ్యారెల్ తర్వాత ఎక్కువ ఘనత దీనిదే అనుకోవచ్చు. బరువైన ట్రిగ్గర్ లాగుతూ చెయ్యి అదరని మనుషులు తక్కువ.

ఆధునిక పద్ధతి అంటే చాలు మంచిదే వస్తుందనుకోవడానికి లేదు. 2001లో రెమింగ్టన్ తెచ్చిన మోడల్ 710లో బ్యారెల్‌ని మరతో బిగించకుండా ఒత్తిడితో రిసీవర్‌లోకి దూర్చారు, బోల్ట్ జారే దారిలో ప్లాస్టిక్ తొడుగు పెట్టారు. ఖర్చు తగ్గింది, కానీ బోల్ట్ గీరుకుంటూ కదిలేది, బ్యారెల్ అరిగితే మార్పించడం కంటే కొత్తది కొనడమే నయం. కొన్నేళ్లకే 770 దాని స్థానంలోకి వచ్చింది, పేరు మాత్రం బాగుపడలేదు. అదే కాలపు టిక్కాలోనూ ప్లాస్టిక్ మ్యాగజైనే, కానీ బోల్ట్ నూనె మీద జారినట్టు జారుతుంది. రెండిట్లోనూ ఖర్చు తగ్గించారు. ఎక్కడ తగ్గించకూడదో ఒకరికి తెలిసింది, ఇంకొకరికి తెలియలేదు.

ఇక ప్రకటనల సంగతి. ‘ఒక ఎంఓఏ లోపు గ్యారంటీ’ అన్న మాట చూడగానే తబ్బిబ్బు కావాల్సిన పనిలేదు. జపాన్‌లో హోవా కంపెనీ తయారుచేసే వెదర్‌బీ వాన్‌గార్డ్‌తో ఈ గ్యారంటీకి బాగా ప్రచారం వచ్చింది, దాన్ని లెక్కించేది మూడు తూటాలకి. మూడు తూటాల గ్రూప్ ఎప్పుడూ రైఫిల్‌ని మెచ్చుకున్నట్టే ఉంటుంది. గణితం ప్రకారం అదే రైఫిల్‌తో అయిదు తూటాలు కాలిస్తే సగటు గ్రూప్ దాదాపు 27 శాతం పెద్దదవుతుంది, పది కాలిస్తే 58 శాతం దాకా పెద్దదవుతుంది. రైఫిల్‌లో ఏ మార్పూ లేదు, రంధ్రాల అసలు వ్యాప్తి ఎంతో తెలియడానికి ఎక్కువ తూటాలు కావాలంతే. పైగా మనుషులు జేబులో దాచుకునేది అన్నిటికంటే చిన్న గ్రూప్ పడిన కాగితాన్ని. సగటున 1.3 అంగుళాలు వేసే రైఫిల్ కూడా అప్పుడప్పుడూ ముప్పావు అంగుళంలో మూడు వేస్తుంది, ఆ కాగితానికే ఫొటో దిగుతుంది. నేటి చవక రైఫిళ్లు నిజంగానే బాగా కొడతాయి, కానీ పొగిడేంత బాగా కాదు. పాత రైఫిళ్ల గురించి తాతలు చెప్పిన గొప్పలకీ ఇదే లెక్క వర్తిస్తుందని మర్చిపోకూడదు.

వేటకి ఎంత గురి కావాలి? జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు ఉంటుంది. 2 ఎంఓఏ రైఫిల్ 200 గజాల దగ్గర సుమారు 4 అంగుళాల్లో వేస్తుంది. అంటే అందరూ నాసిరకం అనుకునే గురి కూడా సగటు వేట దూరానికి సరిపోతుంది. ఆ దూరంలో తప్పు జరిగితే కారణం ఎక్కువగా మోకాలి మీద కూర్చుని ఆయాసంతో కాల్చిన మనిషి, లేదా దూరం తప్పుగా అంచనా వేసిన కన్ను. 1 ఎంఓఏనీ అర ఎంఓఏనీ విడదీసే డబ్బు వేటలో కనబడేది చాలా అరుదు. అదే డబ్బు తూటాలకీ, సాధనకీ పెడితే జంతువు నరకం పడకుండా ఒక్క దెబ్బకి చనిపోయే అవకాశం పెరుగుతుంది. తూటాల నాణ్యత పెరగడం కూడా ఈ కథలో పెద్ద భాగమే. నేటి ఫ్యాక్టరీ తూటాలు వేస్తే పాత మోడల్ 70 కూడా తన కాలంలో కంటే బాగా కొడుతుంది.

చవక రైఫిల్‌లో ధర తగ్గించడానికి పడిన రాజీ ఎక్కడ బయటపడుతుందో వాడినకొద్దీ తెలుస్తుంది. ప్లాస్టిక్ స్టాక్ ముందుభాగం పలచన. మోసే పట్టీ అయిన స్లింగ్‌ని చేతికి చుట్టి బిగించినా, ముందు ఆనించే రెండు కాళ్ల బైపాడ్ మీద బరువు వేసినా అది వంగి బ్యారెల్‌కి తగులుతుంది, ఇంతకుముందు చెక్క చేసిన తప్పునే ఇది వేరే దారిలో చేస్తుంది. లావుపాటి బోల్ట్‌కి లగ్గులు మూడు, తిప్పాల్సిన కోణం 70 డిగ్రీలే అయినా స్ప్రింగ్‌ని అంత తక్కువ తిప్పులో వెనక్కి నొక్కాలి కాబట్టి పిడి ఎత్తడం కొంచెం బరువు. మ్యాగజైన్ గొళ్లెం చలికి బిగుసుకున్న వేళ్ల కింద నమ్మకంగా అనిపించదు. తేలికపాటి స్టాక్ వల్ల భుజానికి తన్ను గట్టిగా తెలుస్తుంది. వీటిలో ఏదీ కాగితం మీది గ్రూప్‌లో కనిపించదు, కాబట్టి కంపెనీకి దాని మీద ఖర్చు పెట్టే ఒత్తిడీ లేదు. కొలిచే వస్తువుకే డబ్బు వెళ్లిందని చెప్పాలి.

చేతిపని మాత్రం అంతరించలేదు, చోటు మారింది. కోత బ్యారెళ్లు చేసే చిన్న సంస్థల్లో ఇప్పటికీ ఒక మనిషి కడ్డీ చివర సీసం పోసి గాడుల ఆకారంలో అచ్చు తీస్తాడు, దానికి రాపిడి ముద్ద పూసి బ్యారెల్‌లో ముందుకీ వెనక్కీ లాగుతాడు. ఎక్కడ బిగువుగా ఉందో, ఎక్కడ వదులుగా ఉందో చేతికి తెలుస్తుంది, బిగువున్న చోట ఇంకొన్ని సార్లు ఎక్కువ లాగుతాడు. కొలత పరికరాలకి అందడానికి ముందే ఆ చెయ్యి తేడా పట్టేస్తుంది. బెంచ్‌రెస్ట్ రైఫిల్ కట్టేవాడు లేత్ మీద బ్యారెల్‌ని బిగించి, లోపలి రంధ్రం అక్షం కుదిరేదాకా డయల్ ముల్లు కదలకుండా ఒక్కో మరా సర్దుతూ కూర్చుంటాడు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఆ ఓపిక కడ్డీలూ, అచ్చులూ, గేజ్‌లూ తయారుచేసే గదుల్లో ఉంటుంది, అక్కడ పనిచేసేవాళ్ల పేర్లు ఏ రైఫిల్ మీదా చెక్కి ఉండవు. వాల్‌నట్ మీద గళ్లు చెక్కే కళాకారుల పని ఖరీదు కూడా తగ్గలేదు. అది గురి కోసం కాదని అందరికీ తెలిశాక ఆ పని ఇంకా నిజాయితీగా అమ్ముడవుతోంది.

కొనేవాడు అడగాల్సిన ప్రశ్న కూడా దీంతో మారింది. ఎంత బాగా కొడుతుందన్న దానికి చవక రైఫిళ్లు దాదాపు ఒకే జవాబు ఇస్తాయి. ఇరవై ఏళ్ల తర్వాత మ్యాగజైన్ విరిగితే ఇంకోటి దొరుకుతుందా, బ్యారెల్ అరిగితే మార్చే వీలుందా అని అడిగితే జవాబులు వేరువేరుగా వస్తాయి. మౌజర్ 98లో పాడయ్యే దేన్నైనా మామూలు ఉక్కుతో మంచి పనివాడు మళ్లీ చేయగలడు. ఒక మోడల్‌కే పోసిన ప్లాస్టిక్ మ్యాగజైన్ ఆ మోడల్ ఆగిపోగానే అనాథ అవుతుంది. శావేజ్ నట్టు మాత్రం ఇక్కడ ఎదురు తిరుగుతుంది. దాని పుణ్యమా అని సాధారణ షూటర్లు ఒక గేజ్, ఒక రెంచ్ కొనుక్కుని ఇంటి బల్ల మీదే కొత్త బ్యారెల్ బిగించుకుంటున్నారు. ఫ్యాక్టరీలో పనివాడి అవసరం తీసేయడానికి వచ్చిన ఏర్పాటుతోనే కొనేవాళ్లు ఇప్పుడు పనివాళ్లవుతున్నారు.